నేరశాస్త్రం పాశమైలారం రావాలి

క్రిమినాలజీ చదువుతానంటే ఇంట్లో మొదట అడిగేది, "పోలీసు ఉద్యోగం వస్తుందా?" అని. ఎస్సై పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు, దానికోసం ఇది చదవక్కర్లేదు. ఫోరెన్సిక్ ల్యాబులకు సైన్సు చదివినవాళ్లు కావాలి. టీవీ సీరియళ్ల పుణ్యమా అని రెండూ ఒకటేననుకుంటున్నాం. వేలిముద్ర ఎవరిదో తేల్చేది ఫోరెన్సిక్. నేరం ఎందుకు జరిగింది, దేన్ని నేరం అంటున్నాం, దేన్ని అనకుండా వదిలేస్తున్నాం అని అడిగేది క్రిమినాలజీ. ఆ చివరి ప్రశ్న వేయడానికి పటాన్‌చెరు పారిశ్రామికవాడను మించిన చోటు లేదు.

2025 జూన్ 30 ఉదయం అక్కడి పాశమైలారంలో సిగాచీ కంపెనీ పేలింది. మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేసే యూనిట్ అది. 54 మంది పోయారు. బిహార్, యూపీ, ఒడిశాల నుంచి పొట్టచేత పట్టుకొని వచ్చినవాళ్లే ఎక్కువ. బంధువులు డీఎన్‌ఏ పరీక్షకు రక్తమిచ్చి రోజుల తరబడి ఎదురుచూశారు. వారాలు వెతికినా వారిలో ఎనిమిది మంది ఆనవాళ్లు దొరకలేదు.

పాత యంత్రాలతో ప్రమాదమని నాన్న యాజమాన్యానికి చెబుతూనే ఉన్నారని చనిపోయిన ఉద్యోగి కుమారుడొకరు పోలీసులకు ఫిర్యాదిచ్చారు. కేసు బరువంతా ఆ ఒక్క మాట మీదే ఉంది. ప్రాణం పోతుందని తెలిసీ చేస్తే భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్, కేవలం నిర్లక్ష్యమైతే 106. మొదటిదానికి పదేళ్ల దాకా, రెండోదానికి గరిష్ఠంగా ఐదేళ్లు. భోపాల్ గ్యాస్ కేసులో జరిగిందిదే. 1996లో సుప్రీంకోర్టు అభియోగాన్ని నిర్లక్ష్యానికి తగ్గించింది, 2010లో పడిన శిక్ష రెండేళ్లు.

"తెలుసు" అని రుజువు చేయాలంటే మెయింటెనెన్స్ రిజిస్టర్లు, సేఫ్టీ కమిటీ మినిట్స్, వాయిదా వేసిన రిపేరు బిల్లులు, కాంట్రాక్టరు హాజరు పట్టీలు చదవాలి. దొంగతనాలు, కొట్లాటలతో సతమతమయ్యే ఠాణాలో ఆ పని ఎవరు చేస్తారు? చేతకాదని కాదు. ఇదే సంగారెడ్డి జిల్లాలో కల్లులో కలిపే మత్తుమందు అల్ప్రజోలం తయారుచేస్తున్నారని తెలిస్తే షెడ్డుల్లోకి వెళ్లి రియాక్టర్ల లెక్క తీస్తారు. కల్లు కల్తీ నేరం, మనిషి కాలిపోతే ప్రమాదం!

చట్టాలూ అలాగే అలవాటు చేశాయి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఇన్‌స్పెక్టర్ ఫిర్యాదు చేయందే, లేదా రాతపూర్వకంగా అనుమతించందే కోర్టు ఆ చట్టం కింద కేసు తీసుకోకూడదు. ఆ ఫిర్యాదుకూ సాధారణంగా మూడు నెలలే గడువు. జాతీయ నేర గణాంక సంస్థ కూడా ఫ్యాక్టరీ, యంత్ర ప్రమాదాల మృతులను ప్రమాద మరణాలు, ఆత్మహత్యల నివేదికలో లెక్కగడుతుంది. నేరాల నివేదిక వేరే సంపుటం.

నేరానికీ నేరం కానిదానికీ మధ్య ఈ గీత ఎవరు గీశారని 1939లోనే అడిగినవాడు అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్. 70 పెద్ద కంపెనీల ఉల్లంఘనలు తవ్వి 1949లో పుస్తకం రాస్తే, దావాల భయంతో కంపెనీల పేర్లు తీసేసి అచ్చేశారు. పేర్లతో పూర్తి ప్రతి వచ్చింది 1983లో, ఆయన పోయిన మూడు దశాబ్దాలకు.

మద్రాసు విశ్వవిద్యాలయంలో క్రిమినాలజీ విభాగం దశాబ్దాలుగా ఉంది. చదివినవాళ్లు జైళ్ల సంక్షేమం, బాలనేరస్థుల ప్రొబేషన్, బాధితుల సహాయం, బ్యాంకు మోసాల దర్యాప్తు వైపు వెళ్తారు. మంచి ఉద్యోగాలే, కానీ అంతటితో ఆగకూడదు. సంగారెడ్డిలో 1796 నాటి జైలును మ్యూజియం చేసి, రూ.500కు ఒకరోజు ఖైదీగా ఉండే అవకాశమూ ఇచ్చారు. ఆ గోడల లోపలికి ఎవరు రారో కూడా చదువుకోవాలి కదా. కార్మిక శాఖలో, కాలుష్య నియంత్రణ మండలిలో, ఇలాంటి కేసుల దర్యాప్తు బృందాల్లో క్రిమినాలజీ డిగ్రీ అడిగే పోస్టులు పెడితే చదువుకు దారి దానంతటదే పడుతుంది.

కేసులంటే పరిశ్రమలు పారిపోతాయంటారు. డాక్టర్ కిషన్‌రావు వంటివారి పోరాటంతో పటాన్‌చెరు కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. ఆ తర్వాత ఇస్నాపూర్ నుంచి బొల్లారం దాకా కంపెనీలు పెరిగాయే గానీ ఖాళీ కాలేదు.