బుల్లి ఇంజిన్‌కు బుర్ర!

ఒకే పట్టాల మీద రెండు బొమ్మ రైళ్లు. ఒకటి కదలాలి, రెండోది ఆగాలి. పాత పద్ధతిలో పట్టాలను ముక్కలుగా విడదీస్తే తప్ప కుదరదు. కరెంటిస్తే రెండూ పరుగెడతాయి మరి! జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ పద్ధతి ఆధారంగా, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల్లో ప్రమాణంగా తెచ్చిన ‘డీసీసీ’ ఆ చిక్కు విప్పింది. ఇందులో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ఆజ్ఞలూ దాంతోపాటే వెళ్తాయి. తన నంబరుతో పిలిస్తేనే పలికే బుల్లి సర్క్యూటే డీకోడర్.

ఆవిరి ఇంజిన్‌లో దానికి చోటు దొరకడమే కష్టం. బాయిలర్ నిండా మోటారూ, బరువు దిమ్మలూ ఉంటాయి. అందుకే చాలామంది వెనకుండే బొగ్గు టెండర్‌లో దాచి, సన్నని తీగలు ముందుకు లాగుతారు. ఎరుపు, నలుపు తీగలు పట్టాల కరెంటుకి. నారింజ, బూడిదరంగువి మోటారుకి.

అసలు జాగ్రత్త ఇక్కడే. చాలా పాత ఇంజిన్లలో మోటారు బ్రష్ ఒకటి లోహపు చట్రానికి కలిసి ఉంటుంది. దాన్ని విడదీయకుండా పట్టాలెక్కిస్తే డీకోడర్ మాడిపోవచ్చు. కాబట్టి డీకోడర్ కలపకముందే మల్టీమీటర్‌తో చూడాలి. మోటారుకీ చక్రాలకీ మధ్య ఎక్కడా కనెక్షన్ ఉండకూడదు. తీగలు కలిపాక, తక్కువ కరెంటుండే ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద పరీక్షించాలి. కొత్త డీకోడర్ నంబరు సాధారణంగా 3. ఆ పిలుపుకి పలికిందా... తాతలనాటి ఇంజిన్‌ మళ్లీ కుర్రదైపోయినట్టే!