ఎల్‌ఎల్‌ఆర్‌తో విమానం ఎక్కించొద్దు

సెప్టెంబరులో చదువుకోసం ఇంగ్లండు బయల్దేరే పిల్లవాడి ఫైలులో మార్కుల మెమోలుంటాయి, బ్యాంకు స్టేట్‌మెంట్లుంటాయి, టీబీ పరీక్ష సర్టిఫికెట్ ఉంటుంది. ఒక్కోసారి వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన పల్చటి కాగితం కూడా ఉంటుంది. అది ఆర్టీఏ ఇచ్చిన ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవారి లైసెన్సు. "ఉంచరా, అక్కడ బండి తీయాల్సొస్తే పనికొస్తుంది" అంటాడు తండ్రి. ప్రేమతో అన్న మాటే. కానీ ఆ కాగితం అక్కడ ఎందుకూ కొరగాదు.

మడత విప్పి చూస్తే ఆ సంగతి అందులోనే కనిపిస్తుంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్ ఫారం 3లో వస్తుంది. నేర్చుకునే మనిషిగా భారతదేశమంతటా బండి నడపొచ్చని దానిమీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది. పక్కన లైసెన్సున్నవాళ్లు లేకుండా నడపకూడదన్న హెచ్చరికా ఉంటుంది. 'భారతదేశమంతటా' అంటే దేశం దాటాక చెల్లదనే. ప్రయాణం హడావిడిలో ఆ ఒక్క మాట మీద ఎవరి చూపు నిలుస్తుంది?

ఈ విషయంలో అంతర్జాతీయ ఒప్పందాలూ కచ్చితంగానే ఉన్నాయి. 1949 జెనీవా ఒప్పందం నడపడం వచ్చని రుజువు చేసుకున్నాక ఇచ్చిన లైసెన్సుకే గుర్తింపు ఇమ్మంటుంది. 1968 వియన్నా ఒప్పందమైతే, నేర్చుకునేవారి పర్మిట్లకు ఆ గుర్తింపు వర్తించదని విడమరిచి చెప్పింది. మన ఆర్టీఏలు ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఎల్‌ఎల్‌ఆర్ మీద రాదు. పర్మనెంట్ లైసెన్సు, పాస్‌పోర్టు చూపించి ఫారం 4ఏ నింపి, 1,000 రూపాయల ఫీజు కడితే ఏడాదికి మించకుండా ఇస్తారు. అది అసలు లైసెన్సుకు తోడుగా ఉండే పత్రమే. ఒంటరిగా దానికి విలువ లేదు.

బ్రిటన్‌లో ఈ తేడా ఎంత దూరం పోతుందో చూడాలి. భారతీయ పర్మనెంట్ లైసెన్సు ఉన్నవారు అక్కడ 12 నెలలపాటు మామూలు కారు నడపొచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారికి ఒక్క రోజు కూడా లేదు. అక్కడివాళ్లు 'ప్రొవిజనల్' అనే లైసెన్సు వేరు. దాన్ని బ్రిటన్ ప్రభుత్వమే, ఆ దేశంలో నివాసముండేవారికే ఇస్తుంది. చదువుకోసం ఉండే విద్యార్థి అర్హతలుంటే 34 పౌండ్లు కట్టి ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ఎల్ బోర్డు పెట్టుకుని, 21 ఏళ్లు దాటి, మూడేళ్లుగా పూర్తి లైసెన్సున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకోవచ్చు. కొడుకునో కూతురినో చూసిరావడానికి విజిట్ వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులకు ఆ దారీ లేదు.

పట్టుబడితే? లైసెన్సుకు విరుద్ధంగా నడిపినందుకు 1,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. అసలు భయం ఇన్సూరెన్సుది. చెల్లే లైసెన్సు లేనివాడి చేతిలో ఉన్న కారుకు ఇన్సూరెన్సు ఉన్నా లేనట్టే కావచ్చు. ఇన్సూరెన్సు లేకుండా నడిపితే అక్కడికక్కడే 300 పౌండ్లు, ఆరు పెనాల్టీ పాయింట్లు. వ్యవహారం కోర్టుకెళితే జరిమానాకు పరిమితి ఉండదు, నడపకుండా నిషేధించనూవచ్చు. పోలీసులు బండిని పట్టుకుపోగలరు. అప్పుచేసి ఫీజు కట్టిన ఇంటికి ఇది చిన్న దెబ్బ కాదు.

తప్పంతా పిల్లలమీద వేయడం న్యాయం కాదు. లెక్కే వాళ్లకు కలిసిరావడం లేదు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక 30 రోజులు ఆగితేగానీ పర్మనెంట్ పరీక్షకు వీల్లేదు. తర్వాత స్లాట్ దొరకాలి, ట్రాక్ మీద నెగ్గాలి, కార్డు చేతికి రావాలి, ఆపైన అంతర్జాతీయ పర్మిట్‌కు తిరగాలి. వీసా వచ్చాక, జులైలో డ్రైవింగ్ స్కూలు మెట్లెక్కిన పిల్లకి ఆగస్టు చివర విమానంలోపు ఇవన్నీ ఎలా అవుతాయి? నేర్చుకోవడానికి ఆ 30 రోజులు అవసరమే, వాటిని తగ్గించమని ఎవరూ అడగకూడదు. ఆ తర్వాతి ఆలస్యాన్ని మాత్రం తగ్గించవచ్చు.

అందుకే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖలు ముందుకు రావాలి. విదేశీ చేరిక పత్రం చూపించిన విద్యార్థులకు మే నుంచి ఆగస్టు వరకు పరీక్ష స్లాట్లు విడిగా కేటాయించాలి. పరీక్ష మాత్రం అందరికీ ఒకటే ఉండాలి, సడలింపు వద్దు. ఫారం 3 కేంద్రానిది కాబట్టి, విదేశాల్లో చెల్లదన్న హెచ్చరికను దానిమీద చేర్చమని ఢిల్లీకి రాయాలి. ఆ మార్పు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఎల్‌ఎల్‌ఆర్ ఇచ్చేటప్పుడు ఫోనుకు పంపే సందేశంలో "ఇది విదేశాల్లో చెల్లదు, దీనిమీద అంతర్జాతీయ పర్మిట్ రాదు" అని తెలుగులో రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కన్సల్టెన్సీలు కూడా వీసా ఇంటర్వ్యూకి ఇచ్చే శిక్షణలో పావుగంట దీనికి కేటాయించాలి. ఇక ఇళ్లలో, పద్దెనిమిది నిండిన ఏడాదే పిల్లల్ని ఆర్టీఏకి తీసుకెళ్లండి. అది కుదరని ఇంట్లో సెప్టెంబరు చేరిక అనుకున్నప్పుడు మార్చిలోనే ఎల్‌ఎల్‌ఆర్ తీయించండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికి, ఎండ ముదరకముందే, కాలనీ ఖాళీ రోడ్డు మీద పక్కన కూర్చుని నేర్పించండి. జూన్‌లో ట్రాక్ మీదికి పంపండి.