నాన్న కట్టిన నక్షత్రం

డిసెంబరు వచ్చిందంటే మా వీధిలో సాయంత్రం అయిదింటికే చీకటి పడిపోతుంది. ఆ వెంటనే ఒక్కో ఇంటి ముందూ దీపాల తోరణాలు వెలుగుతాయి. ఎదురింటాయన ఈసారి గాలి నింపిన శాంటా బొమ్మని ఇంటి కప్పు ఎత్తున నిలబెట్టాడు. రాత్రి పడుకోబోయే ముందు మోటారు ఆపేస్తాడు. పొద్దున్న లేచి చూస్తే పాపం శాంటా గడ్డి మీద బోర్లా పడి ఉంటాడు. ఒహాయోకి వచ్చి ఇన్నేళ్లయినా ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

మొన్న ఆదివారం ఆ బొమ్మని చూస్తూనే మా మనవరాలు అడిగింది. "అమ్మమ్మా, నీ చిన్నప్పుడు మీ ఇంటికి శాంటా వచ్చేవాడా?"

"రాలేదమ్మా. మాకు నక్షత్రం వచ్చేది" అన్నాను.

"ఎక్కణ్ణించి?"

"మా నాన్న చేతుల్లోంచి."

దానికి అర్థం కాలేదు. మీలో పల్లెటూరి క్రిస్మస్ చూసినవాళ్లకి మాత్రం ఈపాటికి అర్థమై ఉంటుంది.

మాది బాపట్లకీ నిజాంపట్నానికీ మధ్య ఒక చిన్న ఊరు. నాన్న ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. డిసెంబరు మొదటి వారంలో ఆయన వెదురు బొంగు ఒకటి తెచ్చి సన్నగా బద్దలు చీల్చేవాడు. ఒక నక్షత్రానికి అయిదు బద్దలు. అలాంటివి రెండు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి, అయిదు కొనలూ దారంతో బిగించేవాడు. తర్వాత లోపలి మూలల్లో అయిదు పొట్టి పుల్లలు దూర్చేవాడు. అప్పటిదాకా పలకలా ఉన్నది ఒక్కసారిగా పొట్ట ఉబ్బి నక్షత్రమయ్యేది. ఆ క్షణం కోసం నేనూ తమ్ముడూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. మైదా పిండి ఉడికించి జిగురు చేయడం అమ్మ పని. రంగు కాగితాలు అతికించడం మా పని. అతికించినదానికన్నా మా మోచేతులకి అంటుకున్నదే ఎక్కువ.

పొడుగాటి సరుగుడు వాసానికి కప్పీ కట్టి, లోపల చిన్న లాంతరు పెట్టి, తాడుతో పైకి లాగేవాడు. మా పల్లె ఊరికి దూరంగా, చెరువు అవతల ఉండేది. ఎందుకు దూరంగా ఉండేదో తెలుగువాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. "ఊళ్లోకి కనబడాలి అమ్మడూ, ఇంకాస్త లాగు" అనేవాడు నాన్న. పైకి వెళ్లాక చెరువు గట్టు మీద నిలబడి చూసి వచ్చి, కనబడుతోందని చెప్పడం కూడా నా పనే.

ఇక అరిసెల పాకం, గులాబీ పువ్వుల గుత్తికి అంటుకుని రాని పిండి, జంతికలు, ఇరవై నాలుగో తారీకు రాత్రి పెట్రోమాక్స్ లైటు పట్టుకుని తెల్లవార్లూ ఇల్లిల్లూ తిరిగే పాటలవాళ్లు, పొద్దున్నే కొత్త బట్టల గంజి వాసన, గుడి నించి రాగానే కోడికూర, పలావు... ఇవన్నీ రాస్తూ పోతే ఈ నెల సరిపోదు. ఒక్క క్రిస్మస్ గురించే చెబుతాను. అందులో ఇవేవీ లేవు.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన అంటే మీకందరికీ తెలుసు. పదివేల మందికి పైగా పోయారు. సముద్రం మా ఊరిదాకా రాలేదుగానీ, గాలి వచ్చింది. మా తాటాకు ఇంటి కప్పు లేచిపోయింది. సరుగుడు తోటలు చాప పరిచినట్టు పడిపోయాయి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ రాత్రి మమ్మల్ని బడి గదిలో బల్లల కింద కూర్చోబెట్టి, నాన్న తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

మేం బతికాం. చిన్నత్త బతకలేదు. ఆమెని నాగాయలంక దగ్గరికి ఇచ్చారు. కబురు రావడానికే పది రోజులు పట్టింది. ఆమె భర్త, పాప కూడా లేరని ఆ కబురే చెప్పింది. నాయనమ్మ ఏడవలేదు. మాట్లాడటం మానేసింది.

డిసెంబరు వచ్చింది. ఈ యేడు పండగ వద్దనుకున్నారు పెద్దలు. ఎవరి ఇంట్లో చూసినా ఏదో ఒక ఏడుపు ఉంది. లారీల్లో వచ్చిన పాత బట్టలు పంచారు. నా వాటాకి ఎర్ర ఉన్ని స్వెట్టరు వచ్చింది. మా ఊళ్లో స్వెట్టరు వేసుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

ఒక సాయంత్రం నాన్న కూలిన కప్పులోంచి వెదురు బద్దలు ఏరుకుని కూర్చున్నాడు. నాయనమ్మ నెల రోజుల తర్వాత అప్పుడు నోరు తెరిచింది.

"ఎవురికోసంరా ఈ సోకులు? నీ చెల్లెలు ఎక్కడుందో మట్టికూడా దొరకలేదు."

నాన్న చేతులు ఆగిపోయాయి. కాసేపటికి, "సోకు కాదమ్మా, దీపం" అన్నాడు. నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నాన్న కట్టడం ఆపలేదు. రంగు కాగితాలు ఎక్కడివి? బడిలో తడిసి పనికిరాకుండా పోయిన కాపీ పుస్తకాలు ఆరబెట్టి అతికించాడు. ఒక కొమ్ము మీద ఎవరిదో ఎక్కాల లెక్క ఉంది. ఇంకో కొమ్ము మీద ఎర్ర సిరాతో నాన్న పెట్టిన టిక్కులు ఉన్నాయి. వాసానికి మాత్రం కొదవ లేదు. పడిపోయిన సరుగుడు చెట్లు ఎన్ని కావాలంటే అన్ని.

ఆ యేడు పాటలవాళ్లు అన్ని ఇళ్లకీ వెళ్లకూడదనుకున్నారు. మనుషులు పోయిన ఇళ్ల ముందే ఆగి, డోలక్ లేకుండా, నెమ్మదిగా ఒక్క పాట పాడి వెళ్లిపోవాలని నిర్ణయం. మా ఇంటికి ఏ మూడింటికో వచ్చారు. నేను స్వెట్టరులో మూట కట్టినట్టు కూర్చుని ఉన్నాను. సగం పాటలో ఉండగా నాయనమ్మ తల మీద కొంగు కప్పుకుని బయటికి వచ్చింది. పాట ఆగిపోయింది.

"డోలక్ ఏదిరా?"

"ఈ యేడు వద్దనుకున్నాం పెద్దమ్మా..."

"పుట్టిన బిడ్డ ఏం పాపం చేశాడ్రా? పోయి తెచ్చి కొట్టండి."

ఒక కుర్రాడు పరిగెత్తాడు. అతను వచ్చేదాకా ఎవరూ మాట్లాడలేదు. పైన నక్షత్రంలో లాంతరు మాత్రం గాలికి ఊగుతోంది. డోలక్ వచ్చాక మూడు పాటలు పాడారు. నాయనమ్మ గొంతు కలపలేదు. వాకిట్లో గుంజ పట్టుకుని చివరిదాకా నిలబడింది. తెల్లవారి ఆదివారం, పండగ. ఆమె గుడికి రాలేదు. ఇంటి దగ్గరే ఉండి మాకు గంజి కాచి పెట్టింది. నా జీవితంలో పెద్ద క్రిస్మస్ ఏదంటే ఇప్పటికీ అదే చెబుతాను.

ఇక నా సంగతి. 1998లో మూడేళ్ల కూతుర్ని తీసుకుని ఇక్కడికి వచ్చాం. మొదటి డిసెంబరుకి సెలవు లేదు. రెండోదానికి డబ్బు లేదు. తర్వాత రెండూ ఉన్నా డిసెంబరు టికెట్ల ధర చూసి, ఎండాకాలం వెళదాంలే అనుకోవడం అలవాటైపోయింది. ఇరవై నాలుగు సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసేదాన్ని. వాళ్లకి అప్పుడు పండగ రోజు తెల్లవారుజాము అయిదున్నర. నాన్న ప్రతిసారీ ఒక్కటే అడిగేవాడు. "నక్షత్రం కట్టావా అమ్మడూ?"

"కట్టాను నాన్నా."

కట్టలేదు. ఒక్క యేడు కూడా కట్టలేదు. అంగట్లో కొన్న ప్లాస్టిక్ చెట్టు పెట్టేవాళ్లం. మొదటిసారి అబద్ధం నోరు జారి వచ్చింది. ఆ తర్వాత నిజం చెప్పడానికి సిగ్గేసింది. అలా పదమూడు క్రిస్మస్‌లు గడిచాయి.

2012 జనవరిలో నాన్న పోయాడు. వెళ్లాను. అన్నీ అయ్యాక అటక సర్దుతుంటే ఆ డిసెంబరు నక్షత్రం కనబడింది. కాగితం ఊడదీసి చట్రం దాచాడు. దారం ముళ్లు కొత్తగా ఉన్నాయి. అది పట్టుకుని ఏడుస్తూ అమ్మకి నిజం చెప్పేశాను.

అమ్మ ఆశ్చర్యపోలేదు. "ఆయనకి తెలుసులేవే. కట్టినదానివైతే బద్దలెక్కడ దొరికాయో, కాగితం ఎట్టా చిరిగిందో చెప్పకుండా ఉంటావా? ఉత్తినే 'కట్టాను' అనేదానివి. మరెందుకు అడుగుతారు అంటే, 'ఆ మాట చెప్పడానికైనా ఏడాదికోసారి గుర్తు చేసుకుంటుందిగా' అనేవారు" అంది.

ఆ చట్రం సూట్‌కేసులో పట్టలేదు. తమ్ముడు గుంటూరు తీసుకెళ్లాడు. ప్రతి యేడూ వాడి మేడ మీద వెలుగుతోంది.

నేను తిరిగి వచ్చాక ఆ డిసెంబరులో మొదటిసారి కట్టాను. ఇక్కడ టమాటా మొక్కలకి ఊతంగా పాతే వెదురు పుల్లలు అమ్ముతారు. చీలిస్తే మంచి బద్దలు వస్తాయి. నా మొదటి నక్షత్రం ఒక పక్కకి ఒరిగి, కుంటి నక్షత్రంలా తయారైంది. అయినా కిటికీలో వేలాడదీశాను. ఇప్పటికి చేయి తిరిగింది.

మొన్న మనవరాలి ముందు కూర్చుని కట్టడం మొదలుపెట్టాను. లోపలి మూలల్లో పుల్లలు దూర్చి, నక్షత్రం పొట్ట ఉబ్బగానే అది "ఓ!" అని అరిచింది. తర్వాత దాని మోచేతులు కడగడానికి అరగంట పట్టింది. కాగితాలు ఏం రంగు కావాలన్నాను. తన బడి పుస్తకాల్లోంచి రాసేసిన పేజీలు చింపి తెచ్చింది. 1977 సంగతి నేను దానికింకా చెప్పలేదు. పిల్లలకి తాము రాసినవన్నీ అందరికీ కనబడాలని ఉంటుంది, అంతే.

పైకి కట్టాక అది చెప్పులేసుకుని వీధి అవతలికి, ఎదురింటి శాంటా పక్కకి పరిగెత్తింది. అక్కణ్ణించి అరిచింది. "కనబడుతోంది అమ్మమ్మా!"

ఈ డిసెంబరు మీ ఇళ్లలో ఏం వేలాడినా, ఎవరు కట్టినా, అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. వచ్చే నెల కలుద్దాం.