నాలుగో ట్రాకు

వేసవిలో అటక దులపడం మా యింట్లో ఆనవాయితీ. ఈసారి ఆవకాయ జాడీల వెనకనుంచి ఓ బిస్కట్ల డబ్బా దిగింది. అందులో ఆరు కాసెట్లు. మూతమీద మా పెద్దన్నయ్య దస్తూరీ: "1986. నాలుగు ట్రాకులు. చెరపవద్దు." అన్నయ్య పోయి నాలుగేళ్లయింది. ఆ దస్తూరీ చూసి మా ఆవిడ కూడా కాసేపు చీపురు పక్కన పెట్టింది.

"టేపురికార్డర్లో పెట్టి వినండి" అంది. పెట్టాను. ముందు తబలా, హార్మోనియం నీళ్లలో మునిగి వాయించినట్టు బరువుగా, నత్తనడకన వచ్చాయి. కాసెట్టు తిప్పి పెడితే మరీ విడ్డూరం. అన్నయ్య పాట తోకనుంచి తలవైపు నడిచింది!

"పాడైపోయాయి, పాపం!" అంది మా ఆవిడ.

మీ యింట్లో కాసెట్టు యేదైనా యిలా పలికితే తొందరపడి పారెయ్యకండి. అది పాడవలేదు. సంగతేమంటే, మామూలు కాసెట్టులో ఒక వైపు రెండు ట్రాకులు, తిప్పితే యింకో రెండు వుంటాయి. 1979లో టాస్కామ్ కంపెనీ పోర్టాస్టూడియో అనే యంత్రం తెచ్చింది. అది ఆ నాలుగు ట్రాకులనూ ఒకే దిక్కుగా వాడుకుంటుంది. పైగా టేపును రెట్టింపు వేగంతో, సెకనుకు తొమ్మిదిన్నర సెంటీమీటర్ల చొప్పున లాగుతుంది. నాలుగు మిల్లీమీటర్లయినా లేని టేపుమీద నాలుగు దారులన్నమాట! ఒకదానిమీద తబలా పట్టి, అది వింటూ రెండోదానిమీద హార్మోనియం, మూడోదానిమీద గొంతు పట్టవచ్చు. 1967లో బీటిల్స్ బృందం "సార్జెంట్ పెప్పర్" తయారుచేసిందీ నాలుగు ట్రాకుల యంత్రాలమీదే. కాకపోతే వాళ్ల టేపు అంగుళం వెడల్పు.

అన్నయ్యకు అలాంటి యంత్రాన్ని ఒక స్నేహితుడు సింగపూరునుంచి తెచ్చి యిచ్చాడు. తాను కట్టిన లలితగీతాలను రాత్రిళ్లు, వీధి సద్దుమణిగాక పట్టేవాడు. నాలుగో ట్రాకు మా చెల్లెలిది. అప్పుడు అది కాలేజీలో చదువుతోంది. అయితే అన్నయ్య అన్నీ కలిపి బంధువులకు పంచిన కాసెట్టులో దాని గొంతు లేదు. యెందుకని అది అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ తరవాత పేరంటాల్లో పాడమన్నా "నా గొంతు పనికిరాదులెండి" అని తప్పుకునేది.

అందుకే ఆ టేపుల్ని కంప్యూటరులోకి యెక్కించాలని పట్టుపట్టాను. ముందు పిసినారితనానికి పోయాను. మామూలు డెక్కుమీదే ఒక వైపు, తరవాత రెండో వైపు యెక్కించి, కంప్యూటరులో వేగం రెట్టింపు చేసి, వెనక్కి నడిచేదాన్ని ముందుకు తిప్పి, రెండూ జతచేశాను. పల్లవి దివ్యంగా కుదిరింది. చరణానికి వచ్చేసరికి తబలా ఒక దారి, గొంతు ఒక దారి! టేపు నడక యెప్పుడూ ఒక్కలా వుండదు. రెండుసార్లు నడిపితే రెండు నడకలు. నాలుగు ట్రాకులూ ఒకే విడతలో యెక్కాల్సిందే.

అన్నయ్య యంత్రం అటకమీదే దొరికింది. లోపలి రబ్బరు బెల్టు తారులా కరిగి అంటుకుపోయింది. పాత రేడియోలు బాగుచేసే ఆయన కొత్త బెల్టు వేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో హెడ్డు తుడిచి యిచ్చాడు. చెల్లెలి కొడుకు నాలుగు తీగలు తగిలించగల ఆడియో ఇంటర్‌ఫేసు తెచ్చాడు. పొరపాటున రికార్డు మీట నొక్కినా పాట చెరగకుండా కాసెట్టు వెనకనున్న రెండు ప్లాస్టిక్ రెక్కల్నీ ముందే విరిచాను. టేపు రొద తగ్గించే మీటను రికార్డింగునాడు వున్నట్టే వుంచాం. ధ్వని హద్దు దాటి బద్దలవకుండా మట్టం కాస్త తగ్గించి, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జులలో పట్టాం. అరవై నిమిషాల కాసెట్టు ఈ యంత్రంలో పదిహేను నిమిషాలే నడుస్తుంది. నాలుగు ట్రాకులూ కలిపి సుమారు 520 మెగాబైట్లయింది.

చెల్లెల్ని పిలిచి నాలుగో ట్రాకు ఒక్కటే వినిపించాం. పల్లవీ, మొదటి చరణమూ నిండుగా, శ్రుతిలో వున్నాయి. రెండో చరణంలో ఒక్క పంక్తి దగ్గర శ్రుతి జారింది. అన్నయ్య యెందుకు తీసేశాడో అప్పుడు తెలిసింది. అనవసరంగా వినిపించానేమోనని నాకు గుండె దడదడలాడింది.

అది కళ్లు తుడుచుకుని, "ఇంతేనా చిన్నన్నయ్యా? తప్పింది ఒక్క పంక్తేనా? పాటంతా నేనే చెడగొట్టాననుకున్నాను, యిన్నేళ్లూ!" అంది.

"ఆ పంక్తిని రెండు నిమిషాల్లో సరిచేసేస్తానమ్మా" అన్నాడు వాళ్లబ్బాయి. కంప్యూటరుకు అదో పెద్ద పని కాదు మరి.

"సరిచేస్తే అది నా గొంతెలా అవుతుందిరా? వున్నదున్నట్టు కలుపు" అంది.

అలాగే కలిపాడు. అన్నయ్య గొంతు పక్కన దాని గొంతును మేమంతా మొదటిసారి విన్నాం. మొన్న మనవరాలి బారసాలలో యెవరూ అడక్కుండానే లాలిపాట అందుకుంది.

మేము నేర్చుకున్నది యింతే. ముందు టేపులో వున్నది వున్నట్టు యెక్కించి, నకళ్లు రెండు చోట్ల దాచండి. మెరుగులేవైనా పెట్టదలిస్తే వేరే నకలుమీద పెట్టుకోండి. అసలు టేపునూ పారెయ్యకండి. అన్నిటికన్నా ముఖ్యం, పాడినవాళ్లు మనమధ్య వుండగానే వాళ్లకు వినిపించండి. అన్నయ్య విషయంలో నాకు ఆలస్యమైంది. మీ అటకమీద అలాంటి డబ్బా వుంటే ఈ వేసవి దాటనివ్వకండి.