మాత్ర మనకు, ఉప్పు ఎవరికి?

అబిడ్స్ మెడికల్ షాపులో మాత్ర కొంటాం. అలాంటి మందులకు ముడిసరుకు చేసే పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఉప్పునీళ్లు నక్కవాగులో కలిసి పొలాల్ని పాడుచేశాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మామూలు శుద్ధి ప్లాంట్లలో బ్యాక్టీరియా మురికిని తింటుంది, ఉప్పును తినదు.

మరి దారేదీ? నాంపల్లి ఇరానీ చాయ్‌నే చూడండి. పైకి లేచే ఆవిరిలో చక్కెర ఉండదు కదా! మెంబ్రేన్ డిస్టిలేషన్ కిటుకూ అదే. నీటికి తడవని టెఫ్లాన్ లాంటి పొర. ఒకపక్క 60-70 డిగ్రీల ఉప్పునీరు, మరోపక్క చల్లనీళ్లు. సన్నటి రంధ్రాల్లోంచి ఆవిరి మాత్రమే దాటుతుంది. మరిగించక్కర్లేదు, ఫ్యాక్టరీలో వృథాగా పోయే వేడి చాలు.

ఓ చిక్కుంది. సబ్బులాంటి రసాయనాలు తగిలితే పొర తడిసి ఉప్పూ జారుకుంటుంది. అయినా నా మాట ఇదే: ఆ తంటా ఏదో ఫ్యాక్టరీ గేటు లోపలే పడాలి, రైతు పొలంలో కాదు.