ఎడారిలో గురి చూసేదెక్కడ?

అమెరికాలోని అరిజోనా ఎడారి కంటికి ఒకటే నేల. కంచె లేదు, గట్టు లేదు. చట్టానికి మాత్రం అది ముక్కచెక్కలు. కేంద్ర భూనిర్వహణ శాఖ నేలలో, ప్రత్యేకంగా మూసిన చోట్ల తప్ప, సరదాకు తుపాకి గురి సాధన చేసుకోవచ్చు. ఆ పక్కనే వున్న రాష్ట్ర ట్రస్టు భూమిలో చేయరాదు. నగర పరిధిలోనైతే అనుమతి గల రేంజిలో తప్ప పేల్చడమే నేరం. ఈ హద్దులు పటాల్లో వున్నాయి, ఇసుక మీద లేవు.

పర్యవసానం ఖాళీ తూటాలు, పగిలిన సీసాలు, గుళ్లు దిగిన సగ్వారో బ్రహ్మజెముళ్లు. ఆ చెట్టుకు కొమ్మ రావడానికే యాభై ఏళ్లు దాటుతుంది. 1982లో ఫీనిక్స్ సమీపాన ఒకడు సరదాకు సగ్వారోను కాల్చగా, కొమ్మ విరిగి మీదపడి అతడే మరణించాడు. 2017లో టూసాన్‌కు దక్షిణాన పేలుడు పదార్థం నింపిన గురిని కాల్చినందుకు సుమారు 47 వేల ఎకరాలు తగలబడ్డాయి.

అలాగని నిషేధమొక్కటే చాలదు. ఒకచోట మూస్తే జనం మరో లోయకు పోతారు. ఉత్తర ఫీనిక్స్‌లోని బెన్ ఏవరీ వంటి, పర్యవేక్షణ గల ప్రజా రేంజీలు మరికొన్ని కావాలి. డబ్బు లేదనడం చెల్లదు. 1937 చట్టం కింద తుపాకులు, తూటాలపై వసూలయ్యే పన్ను రాష్ట్రాలకే తిరిగి వస్తున్నది. 2019 సవరణ మేరకు రేంజి స్థలానికి, నిర్మాణానికి 90 శాతం దాకా అందులోనుంచే వాడుకోవచ్చు. అది కాల్చేవారు కట్టిన సొమ్మే కదా! ఈలోగా ఏ శాఖ నేల ఎక్కడ మొదలవుతుందో తెలిపే బోర్డులనైనా మట్టిరోడ్ల మలుపుల్లో పాతించాలి.