నీ కింద ఎంతమంది?

ఇండియాకి ఫోన్ చేసినప్పుడల్లా మా నాన్నగారు అడిగే ప్రశ్నలు మూడు. "తిన్నారా?", "పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారా?", ఆ తర్వాత కాస్త గొంతు సవరించుకుని, "నీ కింద ఎంతమందమ్మా?"

మొదటి రెండిటికీ ఏదో ఒకటి చెప్పి గట్టెక్కేదాన్ని. మూడోదాని దగ్గరే ఇరుక్కుపోయేదాన్ని. ఎందుకంటే నా కింద ఎవరూ లేరు. పదేళ్ల అనుభవం, చేతినిండా పని, మంచి జీతం, కింద మాత్రం సున్నా.

నాన్నగారిది రెవెన్యూ శాఖ. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఆయన తెనాలి వైపు ఒక కొత్త ఎమ్మార్వో ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. అక్కడ ఎవరు ఎవరి కిందో గోడ మీద రాయక్కర్లేదు. అటెండరు, రికార్డ్ అసిస్టెంటు, జూనియర్ అసిస్టెంటు, సీనియర్ అసిస్టెంటు, డిప్యూటీ తాసిల్దారు, ఎమ్మార్వో, ఆ పైన ఆర్డీవో, ఆ పైన కలెక్టరు. ఫైలు ఆ మెట్లెక్కుతూ వెళ్లి, సంతకాలతో అవే మెట్లు దిగివస్తుంది. ఎవరి కుర్చీకి చేతులున్నాయో, ఎవరిది స్టూలో చూస్తే చాలు, హోదా తెలిసిపోయేది. అలాంటి మనిషికి "నాన్నా, మా కంపెనీలో రెండు నిచ్చెనలుంటాయి, ఒకటి మేనేజర్లది, రెండోది ఇంజనీర్లది, రెండో నిచ్చెన ఎంత ఎక్కినా కింద ఎవరూ ఉండరు" అని ఎలా చెప్పను? ఒకసారి చెప్పి చూశాను. "అంటే నీకు ప్రమోషన్ ఇవ్వట్లేదా తల్లీ?" అన్నారు.

అందుకే 2022లో మా డైరెక్టరు పిలిచి "టీమ్‌ని నువ్వు చూసుకుంటావా?" అనగానే ఒప్పేసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పని ఇష్టమా కాదా అని ఒక్క రాత్రి కూడా ఆలోచించలేదు. ఆరుగురు మనుషులు. ఆ ఆదివారం ఫోన్లో "ఆరుగురు నాన్నా" అన్నాను. అవతల అమ్మకి వినిపించేలా ఆయన "ఆరుగురట!" అనడం ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మనం ఆఫీసులో చూసే ఆ డబ్బాలూ గీతల పటం ఉంది చూశారూ, ఆర్గ్ చార్ట్, అది ఈ దేశంలోనే, అదీ రైళ్ల పుణ్యమాని పుట్టింది. న్యూయార్క్ అండ్ ఈరీ రైల్‌రోడ్‌కి జనరల్ సూపరింటెండెంటుగా ఉన్న డేనియల్ మెక్కాలమ్ 1855లో గీయించాడు. ఆయన బాధ చాలా మామూలుది. 50 మైళ్ల రైలుదారి అయితే ఒక్క మనిషి తిరిగి అన్నీ స్వయంగా చూసుకోగలడు, 500 మైళ్లు అయితే ఎలా? ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో స్పష్టంగా లేకపోతే రైలూ రైలూ గుద్దుకుంటాయి. ఆ బొమ్మలో నాకు నచ్చింది ఒకటుంది. అందులో పెద్దలు పైన లేరు. అది చెట్టులా ఉంటుంది. అధ్యక్షుడు, డైరెక్టర్ల బోర్డు కింద వేళ్ల దగ్గర, ఉద్యోగులు కొమ్మల్లో. తర్వాత తర్వాత ఎవరో చెట్టుని తలకిందులు చేశారు. దాంతోపాటే "పైవాళ్లు", "కిందవాళ్లు" కూడా మన నోళ్లలో స్థిరపడిపోయారు.

అసలు మేనేజర్లే వద్దనుకుంటే? గూగుల్ 2002లో ఆ ముచ్చటా తీర్చుకుంది. ఇంజనీర్ల మీద మేనేజర్లని తీసేశారు. కొన్ని నెలలే సాగింది. ఖర్చుల బిల్లుల మీద సంతకాలకీ, ఇద్దరి మధ్య వచ్చిన తగాదాలకీ జనం సరాసరి లారీ పేజ్ దగ్గరికే వెళ్లడం మొదలుపెట్టారట. పెద్ద కోడలు పుట్టింటికెళ్తే ఉప్పెక్కడుందని అత్తగారిని ఇంటిల్లిపాదీ అడిగినట్టు! మళ్లీ మేనేజర్లు వచ్చేశారు.

కానీ కంపెనీలకి ఈ కోరిక పూర్తిగా చావదు. 2023 రానే వచ్చింది. మెటాలో జుకర్‌బర్గ్ దాన్ని "సామర్థ్యపు సంవత్సరం" అన్నారు. మేనేజర్లని మేనేజ్ చేసే మేనేజర్లు ఎక్కువైపోయారని, చాలామందిని మళ్లీ మామూలు ఇంజనీరు పనిలోకి వెళ్లమన్నారు. మా కంపెనీ అది కాదు, అయినా గాలి ఒకటే. ఒక మంగళవారం పొద్దున్న పదిహేను నిమిషాల మీటింగు. మా డైరెక్టరు ముందే రాసుకున్న కాగితం చూసి చదివారు. పొరలు తగ్గిస్తున్నారు. నా టీమ్ ఇంకో టీమ్‌లో కలిసిపోతుంది. నేను ఇంజనీరుగా వెనక్కి వెళ్లొచ్చు, లేదా సెవరెన్స్ తీసుకుని వెళ్లిపోవచ్చు. శుక్రవారంలోగా చెప్పాలి.

మీలో చాలామందికి ఇక్కడ అసలు లెక్క వేరే చెప్పక్కర్లేదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఇంకో దారి చూసుకోవడానికి గరిష్ఠంగా ఉండేది 60 రోజులు. మావారు అప్పుడు నా మీద డిపెండెంటు, ఆయన పనిచేస్తున్నది హెచ్-4 ఈఏడీ మీద. అంటే నా డబ్బా చెరిగిపోతే ఆయన డబ్బా కూడా చెరిగిపోతుంది. పిల్లల బడి, ఇంటి అప్పు, అన్నీ ఆ ఒక్క గీతకే వేలాడుతున్నాయి. ఏ ఆర్గ్ చార్టులోనూ కనపడని గీత అది. శుక్రవారం దాకా ఆగలేదు. బుధవారమే "ఇంజనీరుగా ఉంటాను" అని రాసిచ్చేశాను.

జీతం తగ్గలేదు. పరువు పోలేదు, నిజానికి ఎవరికీ పట్టలేదు. నాకే పట్టింది. ఆదివారం ఫోన్లో "నీ కింద ఎంతమందమ్మా?" అంటే "ఆరుగురే నాన్నా" అన్నాను. ఒక వారం, రెండు వారాలు, నాలుగు నెలలు. నలభై రెండేళ్ల మనిషిని, ప్రోగ్రెస్ రిపోర్టు దాచిన పిల్లలా.

ఆ వేసవిలో అమ్మానాన్నా వచ్చారు. ఒకరోజు సాయంత్రం నేను వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్‌తో ఉంటే నాన్నగారు ఎదురుగా కూర్చుని చాలాసేపు చూశారు. "ఇదివరకు ఫోన్లో నీకు ఎప్పుడూ మీటింగులే ఉండేవి. ఇప్పుడు నువ్వే రాస్తున్నావేం?" అన్నారు. ముప్పై ఏళ్లు ఆఫీసు చూసిన కళ్లు. ఇక దాచలేక చెప్పేశాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా ఆఫీసులో ఎమ్మార్వోలు వచ్చేవారు, బదిలీ అయి పోయేవారు. పాత అడంగల్ ఏ బీరువాలో ఉందో తెలిసింది మాత్రం రికార్డ్ అసిస్టెంటుకే. ఆయన సెలవు పెడితే ఎమ్మార్వో కూడా చేతులు కట్టుకు కూర్చునేవారు. ఆయన కింద ఎవరూ లేరు" అన్నారు. వెంటనే, "ఇంతకీ జీతం తగ్గించారా?"

"లేదు నాన్నా."

"మరింకేం!" అని టీవీ దగ్గరికి వెళ్లిపోయారు.

కథ ఇక్కడితో ముగిస్తే నాకు హాయిగానే ఉంటుంది. కానీ ఆ ఆరుగురిలో ఒక అమ్మాయి ఉంది, కరీంనగర్ వైపు పిల్ల. నా టీమ్ కలిసిపోయాక ఆ అమ్మాయి కొత్త మేనేజరు కింద పద్నాలుగో మనిషి. వారం వారం అరగంట మాట్లాడుకునే మేము పోయి, నెలకోసారి పది నిమిషాలు మిగిలాయి. ఆరో నెల గర్భంతో ఒక రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, నేను లీవులో ఉండగా రేటింగులు ఇస్తారట. నా పనేంటో ఆయనకి తెలియదు. నా తరఫున ఎవరు మాట్లాడతారు?"

ఆ ప్రశ్న ముందు మా నాన్నగారి ప్రశ్న చిన్నబోయింది. రేటింగుల మీటింగులో మేనేజర్లంతా కూర్చుని తమ మనుషుల కోసం వాదించుకుంటారు. మనం ఆ గదిలో ఉండం. మనల్ని ఎరిగిన ఒక్క మనిషి అక్కడ ఉండాలి. మైక్రోసాఫ్ట్‌లో ఒకప్పుడు టీమ్ ఎంత బాగా పనిచేసినా కొందరికి కింది ర్యాంకు తప్పని స్టాక్ ర్యాంకింగ్ ఉండేది. దాన్ని ఎత్తేసింది సత్య నాదెళ్ళ గారేనని మన పార్టీల్లో గర్వంగా చెప్పుకుంటాం. నిజానికి అది 2013 నవంబరులో పోయింది, మన హైదరాబాదాయన సీఈవో అయింది 2014 ఫిబ్రవరిలో. పద్ధతి ఏదైనా, పొరలు తీసేసినప్పుడు ఖర్చుతోపాటు ఆ ఎరిగిన మనిషి కూడా పోతున్నాడని లెక్కవేసేవాళ్లు తక్కువ. 2024 సెప్టెంబరులో అమెజాన్ కూడా మేనేజర్లతో పోలిస్తే పనిచేసేవాళ్ల నిష్పత్తిని కనీసం 15 శాతం పెంచమంది. కాబట్టి ఇది ఒక్క సంవత్సరపు గాలి కాదు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఏడాదిలో ఆమె చేసిన పనంతా ఒక పేజీలో రాశాం. ఎవరికి ఏ మేలు జరిగిందో, దానికి ఎవరు సాక్ష్యమో వరుసగా. లీవుకి ముందే ఆ పేజీ మేనేజరుకీ, ఆయన పైవారికీ పంపింది. వాళ్లిద్దరితో చెరో అరగంట అడిగి తీసుకుంది. రేటింగు పడిపోలేదు.

మీకూ రెండు మాటలు. మేనేజరు పదవి వస్తే, గ్రీన్ కార్డు వరుసలో ఉన్నవాళ్లు "ఎస్" అనకముందే లాయర్ని అడగండి. పెర్మ్‌లో రాసిన పనికీ కొత్త పనికీ బాగా తేడా ఉంటే మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. నేను అడగలేదు. వెనక్కి రావడంతో బతికిపోయాను. కన్సల్టింగులో ఉండి ఎంప్లాయరు, వెండరు, క్లయింటు అని ముగ్గురు పైవాళ్లున్న చెల్లెళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. పని చెప్పేది క్లయింటే అయినా, ప్రాజెక్టు లేక బెంచి మీద ఉంచినా సరే, జీతం ఇవ్వాల్సిన బాధ్యత మీ హెచ్-1బి పిటిషన్ వేసిన కంపెనీదే.

కరీంనగర్ అమ్మాయికి పాప పుట్టింది. ఈమధ్య నాన్నగారు ఫోన్లో మూడో ప్రశ్న మార్చారు. "మీ ఆఫీసు పిల్ల బాగుందా?" అంటున్నారు. నా కింద లేని మనిషి గురించి.